చివరి ఏడు పేర్లు

తాళం వేశాక మూడుసార్లు లాగి చూసింది కాబట్టి వేసే ఉంటుంది, లాగినప్పుడు చప్పుడు కూడా అయింది, కానీ ఆ చప్పుడు ఇవాళ్టిదా నిన్నటిదా, అరవై ఎనిమిదేళ్లొచ్చాక రోజులన్నీ ఒకే చప్పుడు చేస్తాయి, పోనీ దొంగ వచ్చినా ఏం పట్టుకుపోతాడు, పుస్తకాలూ పాత కుట్టుమిషనూ తప్ప, చదువుకున్న దొంగైతే కూర్చుని రెండు పేజీలు చదువుకుని తాళం తనే వేసి పోతాడు, అనుకుని లోలోపల నవ్వుకుంది ఆవిడ, పత్రికల వాళ్ల క్లబ్బు హాల్లో, తలుపు పక్కన ఆఖరి వరసలో ఆఖరి కుర్చీలో, ఆ కుర్చీ ఆవిడదేనని కాపలా మనిషికి కూడా తెలుసు, చివరి కుర్చీ అమ్మగారు వచ్చారు, ఇక సభ మొదలెట్టొచ్చు అంటాడు, నెలకోసారి ఇక్కడ ఎవరో ఒకరు తమ పుస్తకం గురించి మాట్లాడతారు, ఐదింటికని పేపర్లో వేస్తారు, ఆరింటికి మొదలవుతుంది, లోకం మొత్తానికి టైము చెప్పే వాళ్లకి వాళ్ల గడియారం మాత్రం నడవదు, క్లబ్బు కార్యదర్శి, ఆ లావుపాటాయన, ఇవాళ కూడా వచ్చి అడిగాడు, ముందు వరస ఖాళీగా ఉందమ్మా, ఇంకెన్నాళ్లు ఈ మూల, ఇక్కడే బాగుందయ్యా, గాలి వస్తుంది అంది, గాలి కాదు, వందన సమర్పణ మొదలవగానే లేచిపోవడానికి వీలు, ఆ తర్వాత అందరూ తలుపు దగ్గర నిలబడి వెళ్లొస్తాం వెళ్లొస్తాం అంటూ చేతులు పట్టుకుంటారు, అది చూసి ఆవిడ తట్టుకోలేదు, వెళ్లొస్తానన్న ప్రతి మనిషీ వస్తాడని ఎవరు చెప్పారు.

ఇవాళ మాట్లాడేది రిటైరైన సబ్ ఎడిటర్ ఒకాయన, సాయంత్రం పత్రికలో ముప్పై ఏళ్లు వార్తలు దిద్దాడట, ఆ ముచ్చట్లన్నీ పుస్తకం వేశాడు, అట్ట మీద కత్తెర బొమ్మ, ఆ కత్తెర చూసే వచ్చింది ఆవిడ, నలభై ఏళ్లు కత్తెరతోనే బతికింది కదా, బట్టలు కుట్టి, వార్త రాసేటప్పుడు ముఖ్యమైంది పైన పెడతాం, పనికిరానిది కిందికి జారుతుంది, చోటు చాలకపోతే ఇక చదవడం ఆలోచించడం ఏమీ ఉండదు, కింద నుంచి కోసెయ్యడమే, అంటున్నాడాయన మైకులో, అందుకే మా ఇంట్లో ఆవిడ నాతో ఏదైనా ముఖ్యమైన సంగతి ఉంటే మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది, హాలంతా నవ్వింది, ముందు వరసలోంచి ఎవరో, మా ఇంట్లో కూడా అంతే సార్, కాకపోతే కొయ్యడానికి మాకు అధికారం లేదు అన్నాడు, మళ్లీ నవ్వులు, ఆవిడా నవ్వింది, నిజమే, గుడ్డ చాలకపోతే తను మాత్రం ఎక్కడ సర్దేది, కింద అంచు దగ్గరేగా, మెడ దగ్గర ఎవరైనా కోస్తారా, అయితే ఇన్నేళ్లూ తను పేపర్ని తలకిందులుగా చదివిందన్న మాట, ప్రతి వార్తనీ ఆఖరి లైను నుంచి పైకి చదవడం ఆవిడకి అలవాటు, ఎవరికీ చెప్పలేదు, చెబితే పిచ్చిదంటారు, అక్షరాలు ఎవరూ నేర్పలేదు, ముప్పై ఏళ్లు దగ్గర పడుతుంటే పొట్లం కాగితాల మీదా బస్సు బోర్డుల మీదా తనే ఒక్కొక్కటీ ఏరుకుంది, ఇక ఎవరి నోటితోనూ ఏదీ చదివించుకోనని పంతం పట్టి, ముఖ్యంగా అక్క నోటితో, అక్క ఐదో క్లాసు దాకా చదివింది, తనని మాత్రం ఇంట్లో పని ఉందని మాన్పించారు, అక్క చదివితే వినడమే తన చదువు, అక్క అయితే మొదలు బాగానే చదువుతుంది, చివరికొచ్చేసరికి బద్ధకించి మడిచేస్తుంది, అందుకని తను చివరి నుంచి.

ఇప్పటిదాకా నవ్వించాను, ఈ ఒక్క పేజీ మాత్రం నవ్వడానికి రాసింది కాదు, చదువుతాను, అన్నాడు సబ్ ఎడిటర్, కళ్లజోడు తుడుచుకుని, వంతెన దగ్గర రైలు పట్టాలు తప్పిన రోజు, అనగానే ఆవిడ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది, నలభై ఒక్కేళ్ల కిందట, ఆ రోజు పెద్దాసుపత్రిలో చేర్చిన వాళ్ల పేర్లు ముప్పై మూడు వచ్చాయి, పేజీ అచ్చు మిషన్ ఎక్కడానికి పది నిమిషాలుంది, అప్పుడే సబ్బు ప్రకటన ఒకటి వచ్చి పడింది, తప్పదన్నారు, నా చెయ్యి దాని అలవాటు ప్రకారం కింద నుంచి ఏడు పేర్లు కోసేసింది, రేపు వేద్దాంలే అన్నాను, వేశాం కూడా, మర్నాడు లోపలి పేజీలో, ఎవరైనా చూశారో లేదో, జాబితాలో పైనా కిందా ఉండవని, అందులో పనికిరాని మనిషి ఎవరూ ఉండరని ఆ పది నిమిషాల్లో నాకు తట్టలేదు, ఆ ఏడు పేర్లు ఇప్పుడు నాకు గుర్తు లేవు, ఏడు అన్న అంకె మాత్రం పోలేదు, అని పుస్తకం మూసేశాడు, హాల్లో చప్పట్లు కొట్టారు, మైకు కీచుమంది, ఆవిడ టీ గ్లాసు నేల మీద పెట్టి, అది పడిపోతుందేమోనని మళ్లీ చేతిలోకి తీసుకుని, సబ్బు, అనుకుంది, సబ్బు ప్రకటన, నురగలో తల ఎత్తి నవ్వుతున్న ఆడమనిషి, జుట్టు నల్లగా పేజీ అంతా పరుచుకుని.

చదవడం రాదు కాబట్టి ఆ రోజు ఆవిడ చూసింది బొమ్మనీ అక్క వేలినీ, అంతే, అక్క వేలు వరసగా ఒక్కో పేరు మీద నుంచీ దిగుతోంది, గోరు మీద పసుప్పచ్చ దారం పోగు అంటుకుని ఉంది, ఇద్దరూ కుడుతూ కుడుతూ లేచారు మరి, లేడే, మా మరిది ఇందులో లేడు, వేరే బండి ఎక్కుంటాడు, ఎల్లుండి తాపీగా వచ్చి నన్నే ఆటపట్టిస్తాడు చూడు, లే, అన్నం తిను, పొద్దుటి నుంచీ ఎండుతున్నావు, తను లేచింది, తిన్నది, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నది, కుట్టుమిషన్లు బాగు చేసే మనిషి తన మొగుడు, ఊళ్లు తిరగడం మామూలే, బండ్లు మారడం మామూలే, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది, మర్నాడు పేపర్ ముట్టుకోలేదు, ఇంకెందుకు, మూడో రోజు ఆసుపత్రి మనిషి వచ్చాడు, అప్పటికే అయిపోయింది, అక్కడి గుమాస్తా అన్నాడు, పేపర్లో పేరు వేశారు కదమ్మా, చూసుకోలేదా, రెండు రోజులూ మీ ఆయన తలుపు వైపే చూశాడు, ఆ మాట పట్టుకుని తను ఇంటికొచ్చి అక్కని పట్టుకుంది, సగం చదివి మడిచేశావు, నీ బద్ధకం నా కొంప ముంచింది, నీ మీద ఒట్టే, చివరి అక్షరం దాకా చదివాను అంది అక్క, నా మీద ఒట్లెందుకే, పోవాల్సిన వాళ్లు పోయారుగా, పోనీ ఆ పేపర్ తీసి చూద్దామంటే అది లేదు, చిన్నపిల్ల గౌనుకి కొలత కాగితం కింద తనే కత్తిరించేసింది, అక్క ఆ రోజు బట్టల మూట సర్దుకుని గడప దాటుతూ, చదవడం నేర్చుకోవే, నేర్చుకున్నాక నువ్వే నన్ను పిలుస్తావు అంది, నేర్చుకుంది, పిలవలేదు, పాత పేపర్లు గ్రంథాలయంలో కట్టలు కట్టి ఉంటాయని తెలిసి కూడా ఒక్కసారీ వెళ్లి అడగలేదు, ఎందుకు అడగలేదు, ఎవరు వద్దన్నారు, చేతులు అడ్డం పెట్టారా ఎవరైనా.

కార్యదర్శి వందన సమర్పణ మొదలెట్టాడు, ఆవిడ కాళ్లు అలవాటు కొద్దీ లేచాయి, తలుపు వైపు రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి, కాపలా మనిషి ఆశ్చర్యంగా చూస్తుండగా పుస్తకం కొనుక్కుని సంతకాల వరసలో నిలబడింది, చెప్పాలి, ఆ ఏడుగురిలో ఒకడు నా మొగుడని చెప్పాలి, అంకె గుర్తుందిగా, ఒక పేరు కూడా గుర్తుంచుకోమని, ఆ పేరు వాడి మొహాన, వాడి అంటే ఎవరు, ముందు ఇంకా నలుగురున్నారు, ఆ నలుగురి భుజాల మీంచి కనిపిస్తున్నాడు, పండు ముసలాయన, కుడిచెయ్యి వణుకుతుంటే ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని రాస్తున్నాడు, ప్రతివాళ్లకీ అదే జోకు, పేరు పూర్తిగా చెప్పండి, ఇప్పుడు కొయ్యనులెండి, జోకు వేసి తను నవ్వడం లేదు, నలభై ఒక్కేళ్లు ఈ నింద అక్క ఇంట్లో అద్దెకుంది, ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసి ఈయన ఇంట్లో దిగుతానంటోంది, సామాను మోసేది మాత్రం ఎప్పుడూ తనే, ఇంకో అడుగు ముందుకు, ముందు ముగ్గురు, అక్క కూతురు పోయిన నెల ఫోన్ చేసింది, పిన్నీ, అమ్మకి చూపు బొత్తిగా ఆనడం లేదు, పొద్దున్నే పేపర్ చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుంటుంది, ఒక్కసారి రారాదూ, ఆహా అంది తను, పాలు పొంగుతున్నాయని పెట్టేసింది, పొయ్యి మీద పాలే లేవు, ఇద్దరు, వేలు, ఆ వేలు ఎక్కడ ఆగింది, దారం పోగున్న గోరు దిగుతూ దిగుతూ వచ్చి ఆ సబ్బు మనిషి జుట్టుకి తగిలి ఆగింది, ఆఖరి పేరుకీ జుట్టుకీ మధ్య ఖాళీ కాగితం లేదు, ఇంక దిగడానికి చోటు లేదు, అది తను చూసింది, చదువు రాకపోతేనేం, కళ్లున్నాయి, అక్క చివరి దాకా చదివిందని చెప్పడానికి లోకంలో ఒకే ఒక్క సాక్షి ఉంది, ఆ సాక్షి నలభై ఒక్కేళ్లు నోరు మూసుకుంది, ఎందుకంటే అక్క సగంలో మడిచెయ్యలేదంటే, ఇక తప్పు మోయడానికి మిగిలేది అతను తలుపు వైపు చూస్తూ పడుకున్నప్పుడు రెండోసారి వడ్డించుకున్న మనిషి ఒక్కతే.

ఎవరి పేరు రాయమంటారమ్మా, అంటున్నాడాయన, ముందు ఎవరూ లేరు, బల్లకి అటు ఆయన, ఇటు ఆవిడ, దగ్గర నుంచి చూస్తే ఆయన కళ్లు కూడా సరిగా ఆనడం లేదు, పేరు పూర్తిగా చెప్పండి, ఇప్పుడు కొయ్యనులెండి, చెప్పాలనుకున్న మాట నాలుక మీద దాకా వచ్చింది, ఆయన చెయ్యి కలం పట్టుకుని గాల్లో వణుకుతూ ఆగి ఉంది, ఆ చెయ్యీ ఆకలేసి అన్నం తిన్న చెయ్యే, పది నిమిషాల్లో ఏదో ఒకటి చెయ్యాల్సి వచ్చిన చెయ్యి, ఆవిడ మాట మింగేసింది, ఇది ఇక్కడ చెప్పాల్సింది కాదు, చెప్పాల్సిన చోటు వేరే ఉంది, రెండు బస్సులు మారాలి, పొద్దున్నే వెళ్లాలి, పేపర్ చేతిలో పట్టుకుని ఊరికే కూర్చునే వేళకి, పక్కన కూర్చుని ఈ పేజీ వేలు పెట్టి ఒక్కో లైనూ చదవాలి, పై నుంచి కిందికి, ఆఖరి అక్షరం దాకా, అన్నం తిన్న సంగతి మాత్రం పుస్తకంలో లేదు, అది తనే చెప్పాలి, ఏమమ్మా, ఎవరి పేరు, అని ఆయన మళ్లీ అడిగాడు, వెనక వరసలో ఎవరో దగ్గారు, ఆవిడ బల్ల అంచు పట్టుకుని, నలభై ఒక్కేళ్లుగా నోట పలకని అక్క పేరు, ఇంటిపేరుతో సహా పూర్తిగా, నిదానంగా చెప్పింది.