ఎర్ర బటను

నా గది తలుపు పక్కన గోడకి రెండు బటన్ల డబ్బా బిగించారు. వైద్యం నచ్చితే ఆకుపచ్చది, నచ్చకపోతే ఎర్రది నొక్కి వెళ్లాలి. మా పేషెంట్లు దాన్ని మరోలా అర్థం చేసుకున్నారు. షుగరు తగ్గిందంటే ఆకుపచ్చ, పెరిగిందంటే ఎరుపు. మధ్యలో నేనేం చేశానన్నది ఎవరికీ పట్టదు.

నేను పెద్ద డాక్టరు గారి అసిస్టెంటుని. పేషెంట్లని పరీక్షించి మందులు రాస్తాను, నా చేయి దాటిన వాళ్లని పై అంతస్తుకి, ఆయన దగ్గరికి పంపుతాను. "ఈ నెల కూడా ఎరుపే ఎక్కువైతే నిన్ను గాయాలకి కట్లు కట్టే గదికి మార్చేస్తారు తల్లీ," అని మేనేజరు గారు పొద్దున్నే చెవిన వేసి వెళ్లారు. ఇప్పుడున్నది ఇష్టపడి చదువుకుని తెచ్చుకున్న గది. అయినా ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలిగా.

నా పాలిట ఆకుపచ్చ మనిషి టైలరు తాతయ్య ఒక్కరే. తను నొక్కడమే కాక, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లకి కూడా "మా డాక్టరమ్మకి పచ్చదే నొక్కండి" అని ప్రచారం చేసేవారు.

ఆ రోజు కూడా నవ్వుకుంటూనే వచ్చారు. వెనకాలే ఆయన భార్య. చెప్పు విప్పించి చూస్తే అరికాల్లో గుండుసూది తల దాకా దిగి ఉంది. చుట్టూ వాపు, చీము. షుగరు వల్ల పాదం ఎప్పుడో మొద్దుబారిపోయింది, ఆయనకి తెలియనే లేదు.

"పీకేసి కట్టు కట్టెయ్ డాక్టరమ్మా. కొట్లో స్కూలు యూనిఫారాలు గుట్టపడి ఉన్నాయి."

ఆ మాట వింటే ఆకుపచ్చ ఖాయం. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"లోపలికి పాకింది తాతయ్యా. ఇప్పుడే పెద్ద డాక్టరు గారికి చూపించి వార్డులో చేరండి. ఆలస్యమైతే కాలు తీసేయాల్సొస్తుంది."

ఆయన మొహం మాడిపోయింది. "అసిస్టెంటువి, నీకేం తెలుసు? ఆయన్నే అడుగుతా. నీది తప్పని తేలనీ, అప్పుడు చెప్తా నీ సంగతి."

వెళ్తూ ఎర్ర బటను మీద పడ్డారు. కుట్టుమిషను తొక్కినట్టు ఆగకుండా నొక్కారు. చివరికి భార్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. నాకు నిజంగానే బాధేసింది. తర్వాతి పేషెంటుని పిలిచాను.

పెద్ద డాక్టరు గారు కూడా అదే చెప్పారట, నాకన్నా తక్కువ మాటల్లో. ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. కాలు దక్కింది. డిశ్చార్జి రోజు తాతయ్య పైన పెద్ద డాక్టరు గారి గది డబ్బా మీద ఆకుపచ్చ నొక్కారట. ఇదంతా ఆయన భార్యే వచ్చి చెప్పింది.

"నువ్వు బతిమాలి ఉంటే ఇంటికొచ్చేసేవారమ్మా. నీ తప్పు పట్టుకుందామనే మెట్లెక్కారు," అంది.

నెలాఖరుకి నన్ను కట్ల గదికి మార్చారు. కిటికీ లేని గది, ఎప్పుడూ మందు వాసన.

కొన్నాళ్లకి తాతయ్య కర్ర ఊతంతో కట్టు మార్పించుకోవడానికి వచ్చారు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. నా మొహం చూడలేక గోడలన్నీ వెతికారు.

"ఇక్కడ డబ్బా లేదా?"

"కట్ల గదికి పెట్టలేదు తాతయ్యా."

"మరి నేనెక్కడ నొక్కను?" అన్నారు.

"కూర్చోండి. ముందు కాలు చాపండి," అన్నాను.