శుక్రవారం డ్యూటీ

నవీన ఆ నీలం చొక్కా కాలరును రెండోసారి ఇస్త్రీ చేస్తోంది. మొదటిసారి చేసి ఇచ్చినప్పుడు మొగుడు రఘుపతి అద్దం ముందు నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇగో, ఈడ ముడత ఉన్నది. కెమెరాల ఇదే కనబడుతది" అని విప్పి చేతికిచ్చాడు. తొమ్మిది గంటలకు మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్ ఉంది. ఇంటర్వ్యూ లాంటిదే. ఉద్యోగం నవీన చేసేది, ఇంటర్వ్యూకి కూర్చునేది రఘుపతి. చొక్కా కింద లుంగీయే ఉంటుంది కాబట్టి ప్యాంటు ఇస్త్రీ తప్పింది. ఆ మేరకు ఆమె అదృష్టవంతురాలే అనుకోవాలి.

ఇదంతా రెండేళ్ల కిందట మొదలైంది. గల్ఫ్‌లో సోహార్ అనే ఊళ్లో ఒక స్టీలు ప్లాంటులో రఘుపతి సేఫ్టీ సూపర్‌వైజర్. ఓవర్‌టైం తగ్గిన రోజుల్లో పక్క పని ఏదైనా దొరుకుతుందేమోనని ఇంటర్నెట్‌లో తన పేరు, హెల్మెట్ పెట్టుకున్న ఫోటో పెట్టి నాలుగైదు చోట్ల అప్లై చేశాడు. ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్ వ్యాపారాల గురించి, కొత్తగా పుట్టే టెక్నాలజీ కంపెనీల గురించి రోజూ ఈమెయిల్లో వార్తలు పంపే చిన్న పత్రిక ఒకటి ఆయనకు పరీక్ష పంపింది. మూడు పేజీల వార్తను అరవై మాటల్లో చెప్పాలి. "ఇదేందే, గింత పొడుగున్నది, నువ్వు జర చూడు" అని ఫోన్ ఆమెకిచ్చి స్నానానికి వెళ్లాడు. మెట్‌పల్లిలో ప్రైవేటు బళ్లో ఆరేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి నవీన. ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి అరవై మాటలూ రాసేసింది. మధ్యాహ్నానికల్లా "అభినందనలు రఘూ" అని జవాబొచ్చింది. ఆ వేళ ఆయన నిజంగానే సంతోషించి, ఆమెకు బయటినుంచి బిర్యానీ తెచ్చిపెట్టాడు. పేరు మార్పిద్దామా అని ఆమె అడిగితే, "పేరుదేమున్నదే, మనిద్దరం ఒకటే గాదా" అన్నాడు. ఇద్దరూ ఒకటే అయినప్పుడు ఆ ఒక్కటీ ఎప్పుడూ రఘుపతే ఎందుకవుతాడో అడగాలని ఆమెకి అప్పుడు తోచలేదు. తోచేసరికి ఏడాది గడిచిపోయింది.

పొద్దున ఐదున్నరకు కంపెనీ బస్సు ఆయన్ని ఎక్కించుకుని పోతుంది. ఆ తరవాత ఇస్త్రీ బల్ల మీద దుప్పటి తీసేసి ఆమె లాప్‌టాప్ పెట్టుకుంటుంది. ఇక్కడ పది కొట్టేసరికి అక్కడ సాయంత్రం నాలుగవుతుంది, ఆలోపు పత్రిక వెళ్లిపోవాలి. అడిలైడ్‌లో ఎవరో కుక్కలకు తిండి ఇంటికి పంపే యాప్ పెట్టారని, బ్రిస్బేన్‌లో ఎవరికో ఇన్వెస్టర్లు దొరికారని, పెర్త్‌లో ఎవరో కంపెనీ అమ్ముకున్నారని రాస్తుంది. ఆ ఊళ్లేవీ చూడలేదు గానీ ఏ ఊళ్లో ఏ మోజు నడుస్తోందో ఆమెకి మెట్‌పల్లి సంగతుల కన్నా ఎక్కువ తెలుసు. రాయగా రాయగా ఆమెకొకటి అర్థమైంది. ప్రతి కంపెనీ ఎవరో ఒకరి వంటింటి టేబుల్ మీదే పుడుతుంది. "మా వంటింటి టేబుల్ దగ్గరే మొదలుపెట్టాను" అని ప్రతి ఫౌండరూ చెబుతాడు, మహా గొప్పగా చెబుతాడు. ఆ టేబుల్ మీద ఎంగిలి కంచాలు ఎవరు తీశారో, ఆయన కలలు కంటుంటే పిల్లలకు అన్నం ఎక్కడ కూర్చోబెట్టి పెట్టారో ఏ వార్తలోనూ ఉండదు. నవీన ఉండబట్టలేక అప్పుడప్పుడు ఆ కంపెనీల వాళ్లకే మెయిల్ పెట్టి అడిగేది. పదింట్లో ఒకరు జవాబిచ్చేవారు. ఆ ఒక్క జవాబుతోనే ఆమె వార్త మిగతా వాటికన్నా వేరుగా ఉండేది.

పొగడ్తలు మాత్రం ఇంటిపెద్దకే చేరేవి. రఘుపతి ఆ లింకులు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. "అన్నా, నువ్వు గ్రేట్" అని దండాలు వచ్చేవి. అత్త శాంతవ్వ వీడియో కాల్‌లో కోడలిని ప్రత్యేకంగా పిలిపించుకుని చెప్పింది: "వాడు డ్యూటీ చేసొచ్చి మల్ల రాసుకుంట కూసుంటుండట బిడ్డా. కండ్లు కరాబైతయి. రోజు ఐదు బాదం పలుకులు నానవెట్టి ఇయ్యి." రఘుపతి పక్కనే ఉన్నాడు. నవ్వుకున్నాడే తప్ప కాదనలేదు. అప్పటినుంచి రాయని మనిషి కళ్ల కోసం నవీన రోజూ ఐదు బాదం పలుకులు నానబెట్టి, పొట్టు తీసి ఇస్తోంది. ఆరోది నానబెట్టుకోవడానికి ఆమెకు చాలాకాలం పట్టింది. నానబెట్టుకున్న మొదటి రోజు దొంగతనం చేసినట్టే అనిపించింది, అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ ఇంట్లో డ్యూటీ అనే మాట ఒక్కరిదే. డ్యూటీ ఉందంటే నీళ్ల క్యాను లోపల పెట్టక్కర్లేదు, తిన్న కంచం తియ్యక్కర్లేదు, జ్వరం వచ్చిన పెళ్లాన్ని ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళతావని ఎవరూ అడక్కూడదు. నవీన చేసేదాన్ని "కంప్యూటర్ల ఏందో చూసుకుంటది" అంటారు.

శుక్రవారం ఇంకా విచిత్రం. ఇక్కడ అందరికీ సెలవు, ఆస్ట్రేలియాలో పనిరోజు. కంపెనీ క్యాంపు రూముల నుంచి రఘుపతితో పనిచేసే గంగన్న, నర్సింగ్, ఇంకో నలుగురు పగటి తిండికి వస్తారు. వారమంతా మెస్సు కూడు తిన్నవాళ్లు, నిజామాబాద్, నిర్మల్ మనుషులు. పాపం మంచివాళ్లే. తిన్నాక "చెల్లే, మస్తుగున్నది" అని మనసారా అంటారు. వాళ్ల మీద ఆమెకి కోపం లేదు. కానీ శుక్రవారం పత్రికలోనే "ఈ వారం మూతపడినవి" అనే శీర్షిక ఉంటుంది, అందరూ ముందు చదివేది అదే. రెండు కిలోల కోడికూర, బగారా అన్నం చేస్తూ మధ్యమధ్య చేతులు కడుక్కుని వచ్చి ఆమె మూతపడ్డ కంపెనీల గురించి రాసేది. కీబోర్డు మీద అల్లం వాసన ఎన్నడూ పోలేదు.

పోయిన వారం మెల్‌బోర్న్ ఎడిటరమ్మ నుంచి మెయిల్ వచ్చింది. పూర్తికాలం ఉద్యోగం, వారానికో సొంత శీర్షిక, పైన పేరూ ఫోటో. శుక్రవారం మాట్లాడుకుందాం, ఆ వెంటనే కాంట్రాక్టు పంపిస్తాను అని రాసింది. ఇన్నాళ్లూ ఆయన పేరు మూలన చిన్న అక్షరాల్లో ఉండేది. ఇకమీదట అచ్చంగా ఆయన పేరుతో, ఆయన మొహంతో ఆమె రాతలుంటాయి. ఒకసారి సంతకం పడితే మళ్లీ మార్చేది ఉండదని నవీనకి తెలుసు. నోరు తెరిచి "ఈసారి నేను మాట్లాడుత" అంది. రఘుపతి కోప్పడలేదు, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "రెండేండ్లు మోసం జేసిండ్రని ఉన్నది గూడ ఊడవీకుతరు. నేను కూసుంట. నువ్వు ఎనుక ఉండి చిట్టీలియ్యి." అందులో నిజం లేకపోలేదు. అందుకే ఆమె రెండు రోజులు కూర్చుని, వాళ్లు ఏమేం అడుగుతారో ఊహించి, ఇంగ్లీషు జవాబుల్ని తెలుగు అక్షరాల్లో పద్నాలుగు చిట్టీల మీద రాసి, అంకెలు కూడా వేసింది.

తొమ్మిదయింది. ముడత పోయిన కాలరుతో రఘుపతి ఇస్త్రీ బల్ల ముందు కూర్చున్నాడు. లాప్‌టాప్ వెనక పీట మీద నవీన. పొయ్యి మీద కుక్కర్. ఎడిటరమ్మ గొంతు నవీన అనుకున్నదానికన్నా మెత్తగా ఉంది. ఆరు చిట్టీల దాకా బండి బాగానే నడిచింది.

"గీలాంగ్‌లో పాత స్కూలు యూనిఫారాలు ఆన్‌లైన్లో అమ్మే ఆవిడ కంపెనీ మూసేసినప్పుడు అందరూ నష్టమెంతో రాశారు. మీరొక్కరే, అమ్ముడుపోని నలభై గౌన్లు ఆమె ఉతికి, ఇస్త్రీ చేసి బడికి ఇచ్చేసిందని రాశారు. ఆ ఇస్త్రీ గురించి అడగాలని మీకెలా తట్టింది?" అని అడిగింది ఎడిటరమ్మ.

ఈ ప్రశ్నకి చిట్టీ లేదు. నవీన పెన్ను అందుకునేలోపే రఘుపతి ధైర్యంగా అన్నాడు. "మేడం, హియర్ లాండ్రీ వెరీ గుడ్ మేడం. నో ప్రాబ్లం."

ఎడిటరమ్మ మాట మార్చింది. కాంట్రాక్టులో రాయాలి, వారంలో ఏ రెండు రోజులు సెలవు కావాలి అంది.

దీనికీ చిట్టీ లేదు. సెలవు గురించి ఎవరైనా అడుగుతారని నవీనకి తట్టనే లేదు. రఘుపతికి మాత్రం ఇది తేలిక ప్రశ్న. పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్న మనిషి, నిద్రలో అడిగినా చెప్పేస్తాడు. మొహం విప్పారింది. "ఫ్రైడే, సాటర్డే మేడం! ఫ్రైడే ఐ నెవర్ వర్క్. ఫుల్ రెస్ట్. ఫ్రెండ్స్ కమింగ్, ఈటింగ్, స్లీపింగ్."

"శుక్రవారమా?" అందామె. "కానీ రెండేళ్లలో ఒక్క శుక్రవారం కూడా మీరు మానలేదే. మీ రాతలన్నిట్లోకీ మంచివి శుక్రవారానివే. మరి అవి ఎవరు రాస్తున్నారు?"

రఘుపతి లాప్‌టాప్ మీదుగా నవీన వైపు చూశాడు. చెయ్యి బల్ల వెనక్కి చాచి, చిట్టీ కోసం వేళ్లు ఆడించాడు. కంచం ముందు కూర్చుని ఉప్పు అడిగేటప్పుడు కూడా అలాగే ఆడిస్తాడు. నవీన ఆ వేళ్లను చూసింది. చేతిలో తెల్ల కాగితం ఉంది, పెన్ను ఉంది. ఒక్క వాక్యం చాలు, ముందే రాసిపెట్టుకుంటాను మేడం అంటే సరిపోతుంది. అది ఆమెకి రాయడం నిమిషం పని. ఈ ఇంట్లో ఆ నిమిషం పనులన్నీ ఇలాగే అయిపోయాయి అనుకుంది. భయం వేసింది. ఉన్న పనీ పోతే పొద్దున ఐదున్నర తరవాత ఈ గోడల మధ్య ఏం చేస్తానన్న భయం. అయినా కాగితం పీట మీద పెట్టి లేచింది. చున్నీతో చేతులు తుడుచుకుని, లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది.

"శుక్రవారం రాసేది నేను మేడం," అంది ఇంగ్లీషులో. "మిగతా రోజులు కూడా. నా పేరు నవీన."

ఎడిటరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఇది తను ఒక్కదాన్నే తేల్చే విషయం కాదని, పైవాళ్లతో మాట్లాడాలని, ఇవాళ ఏ మాటా ఇవ్వలేనని చెప్పింది. నవీన అర్థమైందంది. క్షమించమని అడిగింది గానీ ఏడవలేదు. పెట్టేసే ముందు ఎడిటరమ్మ ఇంకొక్కటి అడిగింది. "ఒకవేళ వాళ్లు ఒప్పుకుంటే నవీనా, నీకు ఏ రోజులు సెలవు కావాలి?"

పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

"శని, ఆదివారాలు," అంది.

తెర నల్లబడింది. కుక్కర్ మూడో కూత వేసింది. రఘుపతి కుర్చీలోంచి లేచి, ఎప్పటిలాగే "నవీనా, కుక్కర్" అనబోయి ఆగాడు. మొహంలో కోపమా, భయమా అన్నది ఇంకా తేలలేదు. "ఏం జేసినవే? పైవాళ్లు వద్దంటే?" అన్నాడు. "ఇప్పుడు గంగన్నోళ్లొస్తరు. ఇంక కోడి గూడ కడగలె."

నవీన దుప్పటి తీసి ఇస్త్రీ బల్ల మీద పరవలేదు. లాప్‌టాప్‌ను మళ్లీ అటు తిప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన కూర్చున్న చోటే కూర్చుని, ఈ వారం మూతపడినవాటి జాబితా తెరిచింది. పదయ్యేలోపు పత్రిక వెళ్లాలి.

"కుక్కర్ బంద్ చేయుండ్రి," అంది తల తిప్పకుండా. "వాళ్లకు ఫోన్ చేసి చెప్పుండ్రి. శుక్రవారం నాకు డ్యూటీ ఉంటది."