వెనక్కి తిరిగిన ఫ్యాను

నేను ఒక గేర్ ఆయిల్ కూలర్‌ని. పలకంత అల్యూమినియం ఒళ్లు, ఒంటినిండా సన్నని రేకుల జాలీ, వీపున ఒక కరెంటు ఫ్యాను. గేర్లు వాటంతటవే మారే బండ్లు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గేర్ బాక్స్‌లో ఆయిల్ సలసల కాగిపోతుంది. ఆ ఆయిల్‌ని నాలోంచి తిప్పుకుని, గాలికి చల్లార్చి వెనక్కి పంపడమే నా బతుకు. బండితో పాటు పుట్టినదాన్ని కాను, తర్వాత తగిలించినదాన్ని. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. నా సిగ్గు వేరే ఉంది.

కోయంబత్తూరు వైపు ఒక రేకుల షెడ్డులో నన్ను అతికారు. విశాఖపట్నంలో ఒక దుకాణం అటక మీద రెండేళ్లు పడున్నాను. అక్కణ్ణుంచి నన్ను నర్సీపట్నం తెచ్చినవాడు నూకరాజు మేస్త్రీ. ముప్ఫై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్న మనిషి. చప్పుడు విని రోగం చెప్పేవాడు, చెప్పింది తప్పేది కాదు. అందుకేనేమో, ఎవరైనా మారు మాట్లాడితే ఆయనకు గిట్టేది కాదు.

చింతపల్లిలో డాక్టర్ సుగుణ నడిపే చిన్న ఆస్పత్రి వ్యాను ఆయన షెడ్డుకి వచ్చింది. ఘాట్ ఎక్కిన ప్రతిసారీ గేర్ బాక్స్ కాలిపోతోందట. తోలుకొచ్చిన డ్రైవర్ వంతల బోంజుబాబు నెమ్మదైనవాడు. ఒక మాట అనేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.

నూకరాజు నన్ను రేడియేటర్ ముందు నిలబెట్టి బోల్టులు బిగించాడు. ఆయిల్ గేర్ బాక్స్‌కి తిరిగి వెళ్లే పైపు కోసి, రెండు రబ్బరు గొట్టాలతో నన్ను మధ్యలో కలిపాడు. ఆయిల్ వేడెక్కగానే ఫ్యాను దానంతటదే తిరిగేలా స్విచ్చి పెట్టాడు. అన్నీ ముచ్చటగా చేశాడు. చివర్లో ఎవరో పలకరిస్తే అటు తిరిగి మాట్లాడుతూనే ఫ్యాను వైర్లు రెండూ కలిపేశాడు. ఎరుపు నలుపుకి, నలుపు ఎరుపుకి.

ఫ్యాను గుయ్యిమంది. నూకరాజు తృప్తిగా తలాడించాడు. బండి ముందు నిలబడ్డ బోంజుబాబు మాత్రం నా ఎదుట చెయ్యి పెట్టి చూశాడు.

"మేస్త్రీ, గాలి నా మీదకి కొడతంది. లోనకి కదా లాగాల?"

"నువ్వు తోలడం సూసుకో. బిగించడం నాకొదిలెయ్" అన్నాడు నూకరాజు, బానెట్ దించేస్తూ.

చదును రోడ్డు మీద వేగంగా పోతున్నంతసేపూ ఎదురుగాలి నన్ను కాపాడింది. ఘాట్‌లో బండి నెమ్మదించినప్పుడు మాత్రం ముందు నుంచి వచ్చే కాస్త గాలినీ వైర్లు మారి ఎదురు తిరుగుతున్న నా ఫ్యానే వెనక్కి నెట్టేసేది. మనుషులకు చప్పుడు వినిపిస్తే చాలు, పని జరుగుతోందనుకుంటారు. నేనూ చప్పుడు చేస్తూనే ఉన్నాను.

పదో రోజు పొద్దున ఆస్పత్రిలో పాంగి చిలకమ్మ అనే ఆమెకు కాన్పయ్యాక రక్తం ఆగలేదు. బోంజుబాబు నర్సీపట్నం వచ్చి, రక్తం ప్యాకెట్లు ఐసు పెట్టెలో పెట్టుకుని ఘాట్ ఎక్కాడు. లోపల ఆ పెట్టె చల్లగా ఉంది. చల్లబరచాల్సిన నేనే మండిపోతున్నాను. సగం ఎత్తులో గేర్ జారింది. ఇంజను అరుస్తోంది, చక్రం కదలదు. మాడిన ఆయిల్ కంపు. బోంజుబాబు పెట్టె చంకన పెట్టుకుని రోడ్డు మీద పరుగెత్తాడు. ఆ పరుగును నేను వంపు తిరిగేదాకా చూశాను. రేకుముక్కలకి కన్నీళ్లుండవు కాబట్టి బతికిపోయాను.

ఎవరిదో మోటార్ సైకిలు మీద గంట ఆలస్యంగా చేరాడట. చిలకమ్మ ప్రాణం దక్కింది. కానీ ఆ గంటసేపూ పెదాలు తెల్లబడిపోయి, బిడ్డను చూడమన్నా కళ్లు తెరవలేదట.

వ్యానుని షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. నూకరాజు ఫ్యాను తిప్పి, చప్పుడు విని, ఫోను తీశాడు. "కూలరు బాగానే ఉంది డాక్టరమ్మా. మనోడే ఎత్తులో ఆగకుండా తొక్కేసుంటాడు." ఆ సాయంత్రమే బోంజుబాబు ఉద్యోగం పోయింది.

మర్నాడు గేర్ బాక్స్ విప్పి బాగుచేసి, కొత్త ఆయిల్ పోశాక నూకరాజు మళ్లీ ఫ్యాను వేశాడు. చేతిలో గుడ్డ జారి నా మీద పడింది. నేను దాన్ని విసిరికొట్టాను. గాలి లోపలికి లాగుతుంటే నాకు అతుక్కుపోవాల్సిన గుడ్డ అది. ఆయన మళ్లీ పెట్టాడు, మళ్లీ ఎగిరిపడింది. వైర్ల వెంబడి ఆయన చూపు నెమ్మదిగా పాకింది. అక్కడ ఎవరూ లేరు. నిమిషంలో వైర్లు మార్చేశాడు. తర్వాత చాలాసేపు నేల మీద కూర్చుండిపోయాడు.

ఇక ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, నాకు నోరు లేదు. మూడు రోజులు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేక గడిపాం.

నాలుగో రోజు ఆయనే వ్యాను తోలుకుని చింతపల్లి వెళ్లాడు. డాక్టరమ్మతో మాట్లాడి బయటికొచ్చి, అటునుంచి కాఫీ తోటకి పోనిచ్చాడు. బోంజుబాబు అక్కడ కూలి పనిలో ఉన్నాడు. పదిమంది చూస్తుండగా నూకరాజు అన్నాడు: "తప్పు నాది. వైర్లు అటూ ఇటూ పెట్టేసేను. నువ్వు సెప్పినా ఇన్లేదు. పైగా నీ మీదకి తోసేసేను."

బోంజుబాబు చేతిలో బుట్ట కింద పెట్టాడు.

"ఆ మనిసి సచ్చిపోయుంటే ఏటి సేద్దుము మేస్త్రీ?"

గాలి లోపలికి లాగుతూ ఎన్ని ఘాట్లు ఎక్కినా నాలో ఆ ప్రశ్న చల్లారదు.

"డాక్టరమ్మ తాళాలు నీకే ఇమ్మంది" అన్నాడు నూకరాజు.

బోంజుబాబు చేతులు కడుక్కుని తాళాలు అందుకున్నాడు. నర్సీపట్నం బస్సు అప్పటికే వెళ్లిపోయింది. నూకరాజు వెనక తలుపు తీసుకుని, రోగుల బల్ల మీద ఒక మూలగా ఒదిగి కూర్చున్నాడు. బోంజుబాబు ఇంజను వేయకుండా వెనక్కి తిరిగాడు.

"అది రోగులకి. ముందుకొచ్చి కూకో మేస్త్రీ."