పావురాల జ్వరం కిటికీ

ఆ పరిశోధన సంస్థలో ఎవరి పేపరైనా అందరూ ఉచితంగా చదువుకునేలా బయటికొస్తే, రాసినవాళ్ల గది గోడకి ఒక కిటికీ పుడుతుంది. మేస్త్రీతో పనిలేదు. కొత్తగా చేరినవాళ్లు కుర్చీ ఎటు వేసుకోవాలని అడుగుతారు, అంతే. కుర్చీలదీ ఓ పెద్ద కథే, అది ఇప్పుడొద్దులెండి.

ఆ ఉదయం టీ వేళ డైరెక్టరు గారు లేచి, "ఈ ఏడాది మన పేపర్లలో నూటికి తొంభై అందరికీ తెరిచే ఉన్నాయి" అన్నారు. అంతా చప్పట్లు కొట్టారు, లైబ్రేరియన్ తప్ప.

"అన్ని పేపర్లు తెరిచి ఉంటే పట్టపగలు ఈ లైట్లెందుకండీ?" అందావిడ.

అందరూ గోడల వంక చూసి నోరెళ్లబెట్టారు. ఎక్కడ చూసినా నున్నటి సున్నమే.

"బూజమ్మా, నీ గదిలోనూ కిటికీ లేదుగా?" అందావిడ.

బూజుల మీద, అంటే ఫంగస్‌ల మీద పనిచేసే ఆమెను అలాగే పిలుస్తారు. పాపం, ఆమె మనసు అక్కడ లేదు. పొరుగూరి ఆస్పత్రిలో తమ్ముడు వారంగా జ్వరంతో ఉన్నాడు. ఏ జ్వరమో తేలలేదు. ఫోన్ చేస్తే "మామూలుదే అక్కా, నీ లెక్చరు మొదలెట్టకు" అంటాడు.

"నాది తెరిచే ఉందండీ! పావురాల రెట్టలో పెరిగే బూజు, దాంతో వచ్చే జ్వరం. అప్పుడే మన వెబ్‌సైట్‌లోకి ఎక్కించాను."

"ఎక్కించేటప్పుడు 'అందరికీ తెరవడం ఇప్పుడా, ఏడాది తర్వాతా' అని అడుగుతుంది. ఏం నొక్కావు?"

"అందరం నొక్కేదే. ఏడాది తర్వాత. పక్క ల్యాబువాళ్లు ముందే చూసేస్తారని..."

"ఎక్కించినవన్నీ లెక్కలో తెరిచినట్టే. గోడకా లెక్క తెలీదు."

ఏ జ్వరమో తేలనివాళ్లకి ఇన్నాళ్లూ అది దొరకలేదన్నమాట, అనుకుంది బూజమ్మ. గదికి పరుగెత్తి 'ఇప్పుడు' నొక్కింది. ఇటుకలు సర్దుకుని దారిచ్చాయి.

మామూలుగా పుట్టే కిటికీ తోటలోకి తెరుచుకుంటుంది. ఇది ఓ ఆస్పత్రి వార్డులోకి తెరుచుకుంది. మంచం పక్కన ఓ డాక్టరమ్మ ఫోన్‌లో చదువుతోంది.

"ఈ పేపరుకి నిన్నట్నుంచీ తాళమే. ఇప్పుడు తెరుచుకుంది" అని నర్సుతో అంటూ మంచం వైపు వంగింది. "ఏమయ్యా, పావురాలు పెంచుతావా?"

మంచం మీద పుల్లలా చిక్కిపోయిన మనిషి తమ్ముడే.

"డాబా మీద... కొన్ని. మా అక్కకి చెప్పకండి మేడమ్, చంపేస్తుంది."

బూజమ్మ చువ్వలు పట్టుకుంది.

"ఆ సెలైన్ ఆపు" అంది డాక్టరమ్మ. "అందులో కలిపిన మందుతో ఈ బూజు జ్వరం ఇంకా ముదురుతుందట."

నర్సు సెలైన్‌కున్న చిన్న చక్రం తిప్పింది. గొట్టంలో దిగబోతున్న చుక్క అక్కడే ఆగింది.