ఖాళీ క్యారేజీ

విడాకులంటే చెప్పులరిగేలా కోర్టు చుట్టూ తిరగడమనుకుంది భవాని. కొత్తగూడెం వకీలు ఉదయశ్రీ మాత్రం పప్పుచారు కాచే పద్ధతి చెప్పినంత తేలిగ్గా చెప్పుకుపోయింది. ఇద్దరికీ ఇష్టమైతే ఒకే అర్జీ చాలు. ఏడాదికి పైగా విడిగా ఉన్నట్టు రాయాలి, పెళ్లి ఫోటో, ఆధార్ జతచేయాలి. కోర్టు ఆర్నెల్లు ఆలోచించుకోమంటుంది. ఆ తర్వాత వచ్చి మనసు మారలేదని చెబితే సరి. స్టాంపుల ఖర్చు వందల్లోనే, తన ఫీజు ఇద్దరికీ కలిపి పాతికవేలు. కొట్లాటకు దిగితే మాత్రం ఎన్నేళ్లవుతుందో, ఎంతవుతుందో తనూ చెప్పలేనంది.

పక్క కుర్చీలో భర్త కుమారస్వామి కునికిపాట్లు పడుతున్నాడు. పాల్వంచ థర్మల్‌లో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. పద్దెనిమిదేళ్ల కాపురం వాళ్లది. మాటా మాటా పెరిగి, ఏడాదిన్నరగా ఆమె దమ్మపేటలో అన్న ఇంట్లో ఉంటోంది.

"ఎప్పట్నుంచి విడిగ ఉంటున్నరు? ఇద్దరు ఒకటే తారీఖు చెప్పాలె" అంది ఉదయశ్రీ.

ఆమె దమ్మపేట బస్సెక్కిన రోజు చెప్పాడతను. కాదు, అంతకు రెండేళ్ల ముందే అంది భవాని. వకీలు కలం ఆగిపోయింది.

బల్లమీద స్టీలు క్యారేజీ ఉంది. భవాని పుట్టింటి సామాను తిరిగివ్వాలన్నారని అతనే తెచ్చాడు. అలవాటున ఆమె చేయి మూత తీసింది. లోపల ఏమీ లేదు.

అతని రాత్రి డ్యూటీకి ఆమె అన్నం కట్టిచ్చిన క్యారేజీ అది. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదంటారు కదా. కొత్త కాపురం నాటి నుంచీ ఆ మాట పట్టుకుని కుమారస్వామి సైకిలు మీద అడవి దారిన వస్తూ రోజూ ఈ క్యారేజీ నింపుకొచ్చేవాడు. ఎండాకాలం తునికి పండ్లు, మొర్రి పండ్లు, చలికాలం రేగుపండ్లు, ఏవీ దొరక్కపోతే గుప్పెడు చింతకాయలు. తెల్లారగానే సైకిలు గంట కోసం ఆమె పొయ్యి దగ్గర చెవి అటే వేసి కూర్చునేది. ఎంత బాగుండేవి ఆ పొద్దులు! నగలకు పొంగని మనిషి నాలుగు తునికి పండ్లకు పొంగిపోయేదంటే ఎవరైనా నవ్విపోతారు.

"ఇది ఖాళీగ వచ్చిన దినమే మనం విడిపోయినం" అంది భవాని. "నీకు నా మీద మనసు లేదని ఆ దినమే ఎరుకైంది."

కుమారస్వామి నిద్రమత్తు వదిలిపోయింది.

"ఆ దినం నుంచే కదా నేను బస్సుల వస్తున్న. మోకాలు నొప్పికి సైకిల్ తొక్కలేకపోయిన. బస్సు అడవిల ఆగదాయె."

"ఆ ముచ్చట నాకు చెప్పొద్దా?"

"ముసలోడైండని నవ్వుతవనుకున్న."

మూడున్నరేళ్లు మనసులో పెట్టుకుని కుమిలిన కోపం తీరా చూస్తే ఒక మోకాలి నొప్పి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, భవానికి ఏడుపే వచ్చింది.

కుమారస్వామి క్యారేజీ తన వైపు లాక్కున్నాడు. "ఇయ్యాల ఇది ఇయ్యను. ఖాళీగ ఎట్లియ్యాలె?"

మరి తారీఖు ఏమని రాయాలని వకీలు అడిగింది. భవాని కొంగుతో ముఖం తుడుచుకుని కిటికీలోంచి బయటికి చూసింది. మాఘం వెళ్లిపోతోంది, ఎండ అప్పుడే ముదురుతోంది.

"తునికి పండ్లు వచ్చినంక చెప్తం మేడమ్" అంది.