గోపాలా అనని పాట

అక్షయ అప్పుడు తొమ్మిదో తరగతి. బర్ దుబాయ్‌లో ఇల్లు, ఇండియన్ స్కూల్లో చదువు. వార్షికోత్సవంలో పాడాలనుకున్న కీర్తన వాళ్ల అమ్మమ్మ సొంతంగా అల్లింది. ప్రతి చరణం చివరా ‘గోపాలా’ అని వస్తుంది. అమలాపురం నుంచి ఫోన్లోనే నేర్పింది. కరోనా రెండో విడతలో ఆవిడ పోయినప్పుడు, వెళితే తిరిగి రావడానికి వీల్లేక ఇక్కడి నుంచి ఎవరూ కదల్లేదు.

సంగీతం చెప్పే గౌసియా మిస్‌ది హైదరాబాద్. పాట విని అక్షయని దగ్గరికి పిలిచింది.

“చాలా బాగుంది బేటా. కానీ స్టేజీ మీద ఏ మతం పాటా వద్దన్నారు. పోయినేడు ఎవరో పేరెంట్ కంప్లయింట్ ఇచ్చారంట. మా అమ్మాయి పాడాల్సిన నాత్‌ని, ప్రవక్త మీద పాటని కూడా తీసేశారు.”

“ఇందులో ఎవర్నీ ఏమీ అనలేదు కదా మిస్?”

“నాకు తెలుసు. దేవుడి పేరు తీసేసి వేరే మాట పెట్టు. చాలు.”

ఇంట్లో చెబితే నాన్న బాలసుబ్రహ్మణ్యం కంగారుపడ్డాడు. “మనకెందుకమ్మా గొడవ? మన ఊరా ఇది? వాళ్లు చెప్పినట్టు పాడెయ్.” అమ్మ అనంతలక్ష్మి పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు.

అక్షయ ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాసింది. నిబంధన అందరికీ ఒకటేనని రెండు వాక్యాల్లో జవాబొచ్చింది. గదిలో తలుపేసుకుని ఆ పేరు బదులు ‘చందమామా’ అని పాడి చూసింది. ‘నేస్తమా’ అని చూసింది. ఎవరినో పిలవబోయి ఇంకెవరినో పిలిచినట్టుంది.

వార్షికోత్సవం రోజు స్టేజీ మీద మొదటి చరణం చివర ఆగిపోయింది. ఆ మాట పట్టేంతసేపు తొడమీద తాళం వేస్తూ ఊరుకుని, రెండో చరణం అందుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. వెనక ఎవరో నవ్వారు. మరిచిపోతోందనుకుని కొందరు జాలిగా చప్పట్లు కొట్టారు. తెర పక్కన నిలబడ్డ గౌసియా మిస్ తల దించుకుంది.

“టెన్షన్‌లో అలాగే అవుతుందిలే” అన్నారు స్నేహితులు. కాదని చెప్పాలనుకుంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

మెట్రోలో నాన్న అడిగాడు, “అంత ప్రాక్టీసు చేశావు, అన్నిసార్లు ఎలా మర్చిపోయావమ్మా?”

“మర్చిపోలేదండీ” అంది అమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మరుసటేడు గౌసియా మిస్ వార్షికోత్సవంలో పాడేవాళ్ల పేర్లు రాసుకోవడానికి క్లాసుకొచ్చింది. అక్షయ చెయ్యెత్తలేదు. మిస్ ఆ బెంచీ దగ్గర ఒక్క క్షణం నిలబడి, ఏమీ అడక్కుండా ముందుకు వెళ్లిపోయింది.