లేపుడు డిస్కు

రండి రండి, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండర్రా, నా గొంతు అంతదూరం రాదు. కాళ్ళు మడుచుకుని కూర్చోండి. గిల్లుకోవడాలు కథయ్యాక.

ఒక వీధిలో, చెప్పుల కొట్టుకీ టైలరు కొట్టుకీ మధ్య, కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. పొద్దున్నే షాపాయన షట్టరెత్తి, బల్ల దులిపి, పాత కంప్యూటర్లోంచి ఒక డిస్కు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ అందులోనే పెట్టేవాడు. దాన్ని వాళ్ళు లేపుడు డిస్కు అనేవారు.

దాని సంగతి ముందు చెప్పుకోవాలి. కంప్యూటర్‌కి లోపల సొంత బుద్ధి ఒకటి ఉంటుంది. అది చెడిపోతే యంత్రం లేవదు. అప్పుడు కావలసిన బుద్ధంతా రాసిపెట్టిన డిస్కు వేసి దాన్ని లేపొచ్చు. కానీ ఆ డిస్కు మీద కొత్తగా ఏదీ ఎక్కదు. ఆపగానే ఆ రోజు చేసిందంతా మరిచిపోతుంది. దాచుకోవలసినవి ఉంటే ఆపేముందే వేరేచోట దాచుకోవాలి.

ఆ డిస్కుని తయారుచేసింది షాపాయన భార్య. పైన నల్ల పెన్నుతో ‘ఎవరికీ ఇవ్వను, అడగొద్దు’ అని రాసింది కూడా ఆవిడే. తెర వెలిగేసరికి పక్కన స్టూలు మీద కూర్చుని ఉండేది. ఆవిడ పోయి అప్పటికి పన్నెండేళ్ళు.

వీధిలో ఎవరూ వింతనుకోలేదు. టైలరు సూదిలోకి దారం ఎక్కిస్తూనే “బాగున్నావా వదినా?” అనేవాడు.

“నాకేం, బాగులేనివి నీ కొలతలే!” అనేది.

డిస్కు రాసిన పొద్దుటిదాకానే ఆవిడకి లోకం తెలుసు. ఆ తర్వాత నెల తిరక్కుండా తను జ్వరంతో పోయిన సంగతి తెలీదు. ఆవిడ పోయాక డిస్కు వేసిన మొదటి వారంలోనే షాపాయన ఉన్నమాట చెప్పేశాడు. కంప్యూటర్ ఆపేదాకా ఏడుస్తూనే ఉంది. మర్నాడు అదీ గుర్తులేదు. ఇక చెప్పకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. జుట్టెందుకు నెరిసిందంటే “గోడకి సున్నం వేస్తుంటే పడిందే” అనేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, బుల్లి. అమ్మ పోయేనాటికి దానికి ఏడేళ్ళు. బడి నుంచి వచ్చి స్టూలు పక్కన చేరేది. తొమ్మిదేళ్ళు వచ్చాక ఒకరోజు ఆవిడ హడలిపోయింది. “ఏమండీ! రాత్రికి రాత్రి పిల్ల ఇంత పొడుగైందేంటండీ!”

ఆ రోజు నుంచి బుల్లి బల్లకి అవతల నిలబడింది, షాపుకొచ్చిన ఎవరో పిల్లలాగా.

“నీకేం కావాలమ్మా?” అని అడిగేది అమ్మ.

“మా కంప్యూటర్ లేవడం లేదండీ. బాగుచేయడం నేర్పుతారా?”

“కూర్చో. మా బుల్లి బడి నుంచి వచ్చేలోపు నేర్పేస్తా.”

రోజూ అదే మొదటి పాఠం. ముందుగా డిస్కు తుడవడం. బుల్లి కావాలని గుండ్రంగా తుడిచేది. “అట్లా కాదమ్మా, నడిమి నుంచి అంచుకి!” అని అమ్మ చెయ్యి పట్టుకునేది. ఆ పట్టుకోవడం కోసమే పదేళ్ళు తప్పు తుడిచింది. అక్కడి నుంచి రోజుకో కొత్త ప్రశ్న అడిగేది. అమ్మ మరిచిపోయిందంతా తను దాచుకుంది.

ఇంతలో డిస్కు వెండిపూత పొరలు లేచింది. నకలు తీసి చూశారు. నకలుతో యంత్రం లేచింది గానీ, స్టూలు ఖాళీగానే ఉంది. పాడైన కంప్యూటర్లలోంచి పోయిన ఫొటోలు, ఉత్తరాలు వెలికితీసే పనికి రమ్మని పక్క ఊరి నుంచి బుల్లికి రెండుసార్లు కబురొచ్చింది. వెళ్ళలేదు. బల్లకి అవతల ఎవరు నిలబడతారు? ఒక్కసారి అమ్మ నోట ‘బుల్లీ’ అనిపించుకోకుండా ఎలా వెళ్తుంది?

మూడోసారి కబురొచ్చిన రోజు డిస్కు గరగరమంటూ ఆరోసారికి గానీ తిరగలేదు.

“ఇదే ఆఖరేమో తల్లీ” అన్నాడు షాపాయన చెవిలో.

అమ్మ ఎప్పటిలాగే నవ్వి, దుమ్ముపట్టిన వేరే డిస్కు ఒకటి చేతికిచ్చింది. “తుడువు, చూద్దాం.”

బుల్లికి బుర్ర ఎక్కడో ఉంది. తప్పు తుడవడం మరిచిపోయింది. నడిమి నుంచి అంచుకి చకచకా తుడిచి, వెలుగుకి ఎత్తి, మధ్య చిల్లుకి కన్ను ఆనించి చూసింది. చిన్నప్పుడు తల్లీకూతుళ్ళు ఆడుకునే ఆట అది. చిల్లులోంచి ఎవరు ముందు కనబడితే వాళ్ళు దొరికినట్టు.

చిల్లుకి అవతల అమ్మ ముఖం కదలకుండా ఉండిపోయింది.

“దొరికావు” అంది మెల్లగా. “బుల్లీ.”

షాపాయన గోడవైపు తిరిగిపోయాడు.

“నేనీ డిస్కు రాసి ఎన్నేళ్ళయిందే?”

“పన్నెండు.”

“ఆయన జుట్టుది సున్నం కాదన్నమాట.” కాసేపు తన చేతులు తనే చూసుకుంది. “రోజూ వస్తున్నావా?”

“రోజూ.”

“రోజూ నేను ‘ఎవరమ్మా నువ్వు’ అంటున్నానా?”

“లేదమ్మా. ‘నీకేం కావాలమ్మా’ అంటున్నావు.”

అమ్మ కళ్ళు తుడుచుకుంది. “ఇప్పుడడుగుతున్నా. నీకేం కావాలమ్మా?”

బుల్లి జేబులోంచి, పనికి రమ్మని పక్క ఊరి నుంచి వచ్చిన ఉత్తరం తీసి చూపించింది. అమ్మ రెండుసార్లు చదివింది.

“వెళ్ళు. నేను నేర్పిందంతా నీ దగ్గరే ఉంది, నా దగ్గర ఏమీ ఉండదు. ఆపడం మాత్రం నువ్వే ఆపు. మీ నాన్న వల్ల కాదు.”

సాయంత్రందాకా ముగ్గురూ మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, అడగకండి. తర్వాత బుల్లి ఆపింది. కంప్యూటర్లో డిస్కు పెట్టే అర దానంతట అదే బయటికొచ్చింది. ‘డిస్కు తీసి మీట నొక్కండి’ అని తెర మీద అక్షరాలు. రోజూ షాపాయన డిస్కు తీయకుండానే ఆ అరని మళ్ళీ లోపలికి తోసేసేవాడు. ఆ రోజు బుల్లి డిస్కు తీసింది. నడిమి నుంచి అంచుకి తుడిచి, కవరులో పెట్టి, మీట నొక్కింది.

షాపాయన ఇప్పటికీ పొద్దున్నే షట్టరెత్తి ముందు స్టూలు తుడుస్తాడు. టైలరు ఏమీ అడగడు.

మొన్న మన బడి కంప్యూటర్ లేవకపోతే ఒక అక్క వచ్చింది కదర్రా, పోయాయనుకున్న మీ ఫొటోలన్నీ తీసిచ్చింది? డిస్కు తుడిచి, చిల్లులోంచి ఒంటికన్నుతో మిమ్మల్ని చూస్తే పకపకా నవ్వారు. ఆ అక్క కూడా నవ్వింది. మీరు చూడలేదు గానీ, తర్వాత చాలాసేపు ఆ చిల్లులోంచే చూస్తూ ఉండిపోయింది.

సరే, లేవండిక. ఇళ్ళకి వెళ్ళి అన్నాలు తినండి. గుమ్మంలోంచి ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే, రెండోసారి పిలిపించుకోకండి.